కొండ మీద ఒకటే లైను ఉండాలి

దసరాలు దగ్గరపడేసరికి బెజవాడలో కాపురమున్న ప్రతివాళ్లకీ ఫోన్లు మొదలవుతాయి. యోగక్షేమాలు అయ్యాక, పిల్లల చదువుల సంగతులు అయ్యాక అసలు మాట బయటికొస్తుంది. "దుర్గ గుడిలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? అంతరాలయం దాకా పంపించే ఏర్పాటు చూస్తారా?" హైదరాబాదువాళ్లూ ఇదే అడుగుతారు, బెంగళూరువాళ్లూ ఇదే అడుగుతారు, అమెరికా నుంచి సెలవులకి వచ్చినవాళ్లూ ఇదే అడుగుతారు. తెలిసినవాళ్లు లేరంటే, ఎంత టికెట్టు కొంటే ఎంత దగ్గరికి పోనిస్తారన్నది రెండో ప్రశ్న. కొండ ఎటునుంచి ఎక్కాలి, కృష్ణలో ఎక్కడ మునగాలి, మల్లేశ్వరస్వామి గుడి ఎటువైపు అని అడిగినవాళ్లు నాకు తగల్లేదనే చెప్పాలి.

అడిగేవాళ్లని తప్పుపట్టను. పద్ధతి అలా ఉంది కాబట్టి అలా అడుగుతున్నారు. పుట్టింది గుంటూరు అయినా పెళ్లయినప్పటి నుంచీ నాది ఈ ఊరే. ఇంద్రకీలాద్రి చుట్టూ తిరగడం నా బతుకులో భాగమైపోయింది. అందుకే మనసులో ఉన్నది దాచుకోకుండా రాస్తున్నాను. అమ్మ దర్శనానికి రూపాయల లెక్కన లైన్లు ఉండకూడదు. అందరికీ ఒకటే లైను ఉండాలి. ముసలివాళ్లకి, నడవలేనివాళ్లకి, చంటిబిడ్డ తల్లులకి వేరే దారి ఇవ్వాలి. వాళ్ల దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా ఇవ్వాలి.

కొండకి కొత్తవాళ్ల కోసం ఇప్పుడున్న తీరు చెబుతాను. ఉచిత దర్శనం లైను ఒకటుంది. వంద రూపాయల టికెట్టుకి ఒకటి, మూడు వందలకి ఒకటి, అయిదు వందలకి ఒకటి. అయిదు వందలు పెట్టినవాళ్లు అంతరాలయం దాకా వెళ్తారు. వీళ్లందరికన్నా ముందు సిఫారసు ఉత్తరాలవాళ్లూ ప్రొటోకాల్‌వాళ్లూ వెళ్తారు. ఏ శుక్రవారమో ఆదివారమో వెళ్తే తేడా కళ్లకు కడుతుంది. ఉచిత లైను ఇనుప గొట్టాల మధ్య మెలికలు తిరుగుతూ సాగుతుంది. నాలుగడుగులు నడవడం, చాలాసేపు ఆగడం. ఆ గొట్టానికి అటువైపు మనుషులు ఆగకుండా నడిచి వెళ్లిపోతూ ఉంటారు. రెండు లైన్లకీ మధ్య అడ్డం మన నడుము ఎత్తుకి వచ్చే ఆ గొట్టమే.

ఒకసారి ఎండాకాలంలో ఉచిత లైనులో నా ముందు పల్నాడు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. మిరపకోతలు అయ్యాక మొక్కు తీర్చుకోవడానికి వచ్చామన్నారు. ఆవిడ భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. చేతిలో కవరు. అందులో ఎర్ర రవికెగుడ్డ, డజను ఆకుపచ్చ గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు, రెండు కొబ్బరికాయలు. ఆయన కండువా తడిపి బిడ్డ తల మీద కప్పుతున్నాడు, ఆరిపోతే మళ్లీ తడుపుతున్నాడు. మధ్యలో లైను ఆపేశారు. ఎవరో వస్తున్నారట. ఆ ఎవరో వచ్చి, చూసి, శేషవస్త్రం కప్పించుకుని వెళ్లేదాకా అందరం అలాగే నిలబడ్డాం. చివరికి మా వంతు వచ్చింది. ఆవిడ కవరులోంచి రవికెగుడ్డ తీసి చాచేలోపే "జరగండమ్మా, జరగండి" అన్నారు. గుడ్డ ఎవరో అందుకున్నారు. ఆవిడని ముందుకి పంపేశారు. ఆవిడ వెనక్కి తిరగలేదు, మెడ మాత్రం తిప్పి, పక్కకి పక్కకి అడుగులేస్తూ, స్తంభం అడ్డం వచ్చేదాకా అమ్మనే చూస్తూ వెళ్లింది. ఆ మెడ తిప్పి నడవడం ఈ కొండ మీద ఎవరు చూసినా గుర్తుపడతారు. ఉచిత లైనులో వచ్చిన ప్రతి మనిషీ అలాగే నడుస్తారు.

ఆవిడకి ఇంకొక్క నిమిషం ఇవ్వలేకపోవడానికి జనం ఎక్కువవడం ఒక్కటే కారణమైతే నాకు పేచీ లేదు. జనం ఎక్కువైతే అందరికీ తక్కువ సమయమే దొరుకుతుంది. కానీ అదే రోజు, అదే గంటలో, అయిదు వందలు పెట్టినవాళ్లకి దగ్గర నుంచి తీరికగా చూసే వీలు దొరికింది. ఆ సమయం ఎక్కడిది? లైను ఆపి నిలబెట్టినవాళ్ల దగ్గర నుంచి తీసినదే. టికెట్టు కొన్నవాళ్లు దేవస్థానానికి డబ్బు కట్టారు నిజమే. వాళ్లకి దక్కిన సమయం మాత్రం ఆ మిరపకోతల కూలీలది.

ఇలాంటి పద్ధతి మరే కొండ మీద ఉన్నా నాకు ఇంత బాధ ఉండదేమో. బెజవాడలో చిన్నప్పటి నుంచీ పిల్లలకి చెప్పే కథ ఒకటుంది. ఈ ఊరిని ఏలిన మాధవవర్మ కొడుకు రథమెక్కి వేగంగా పోతుంటే దాని కింద పడి ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆ పిల్లవాడి తల్లి చింతచిగురు అమ్ముకుని బతికే బీదరాలు. రాజు దగ్గరికి వచ్చి న్యాయం అడిగింది. ఆయన కన్నకొడుకని చూడలేదు, యువరాజని చూడలేదు. బీదరాలి బిడ్డ ప్రాణానికి తన బిడ్డ ప్రాణమే బదులని శిక్ష వేశాడు. ఆ ధర్మానికి మెచ్చి పైనుంచి కనకవర్షం కురిసిందనీ, పిల్లలిద్దరూ బతికి లేచారనీ స్థలపురాణం. చరిత్ర పుస్తకాల లెక్క ఏదైనా కానీ, ఈ కొండ తన గురించి తాను చెప్పుకునే కథ ఇది. చింతచిగురు అమ్ముకునే ఆవిడ రాజు ముందు నిలబడితే, ఆవిడని రాజకుటుంబంతో సమానంగా చూసినందుకు బంగారం కురిసిన చోటు. అక్కడ ఈరోజు చింతచిగురు అమ్ముకునే ఆవిడ దూరం నుంచి చూసి వెళ్తోంది. ఇది నాకు మింగుడుపడదు.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో దళితులకి పెద్ద దేవాలయాల లోపలికి ప్రవేశం లేదు. ఏళ్ల తరబడి పోరాటాలు జరిగాయి, 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. అప్పటికి గానీ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. కులం పేరుతో ఉన్న గడప అలా చట్టంతో పోయింది. తెరుచుకున్న ఆ తలుపు లోపల, గర్భగుడికి ఎవరు ఎంత దగ్గరగా వెళ్లాలన్నది ఇప్పుడు డబ్బు తేలుస్తోంది. రెండూ ఒకటేనని నేననను. కులం తెచ్చిన అవమానం వేరు, దాని లోతు వేరు. కానీ ఉచిత లైనులో ఉండేది ఎక్కువగా ఎవరి మనవలో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

కొండకి తన పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. సమానంగా చూసే పద్ధతులే ఉన్నాయి. భవానీ దీక్షనే తీసుకోండి. మండలం అంటే 41 రోజులు, అర్ధమండలం 21 రోజులు. ఎర్రబట్టలు, మెడలో మాల, కటిక నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మాల వేసుకున్నాక ఆటో నడిపే ఆయనా భవానీయే, బ్యాంకు మేనేజరూ భవానీయే. "భవానీ, కాస్త జరగండి", "భవానీ, మంచినీళ్లు తాగారా?" అనే పిలుస్తారు. అసలు పేరుతో పనిలేదు. దీక్ష విరమణ రోజుల్లో హైవే వెంట ఎర్రగా బారులు తీరి నడిచి వస్తారు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు మజ్జిగ, పులిహోర పెడతారు. సీతమ్మవారి పాదాల దగ్గర తలనీలాలిచ్చి, స్నానాలు చేసి, గిరి ప్రదక్షిణ చేసి, ఇరుముడి తలమీద పెట్టుకుని కొండెక్కుతారు. దర్శనమయ్యాక ఇరుముడి విప్పించి, హోమగుండంలో నేతి కొబ్బరికాయ సమర్పిస్తారు. అన్ని రోజులు సమానంగా బతికి వచ్చిన మనుషులు వాళ్లు.

మెట్ల పూజ ఇంకోటి. అర్జున వీధి వైపు నుంచి మెట్ల దారిలో తెల్లవారకముందే వెళ్లి చూడండి. మా మేనత్త బతికున్నన్నాళ్లూ ఆషాఢంలో చేసేది. స్టీలు గ్లాసులో పసుపు కలుపుకుని, ఇంకో చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని కింది మెట్టు దగ్గర మొదలుపెట్టేది. మెట్టు అంచుకి మూడు వేళ్లతో పసుపు పట్టీ, దాని మీద కుంకుమ బొట్లు, ఒక కర్పూరం బిళ్ల. దణ్ణం పెట్టి పై మెట్టుకి. మోకాళ్లు పట్టేస్తే మెట్టు మీదే కూర్చుని, "ఆగవే, అమ్మ ఎక్కడికీ పోదు" అనేది. ఆవిడ పై మెట్లకి చేరేసరికి కింద పెట్టిన పసుపు జనం కాళ్ల కింద చెదిరిపోయేది. వెనకాల ఇంకొకావిడ వచ్చి మళ్లీ రాసేది. మెట్లు అలా రోజంతా పసుపుపచ్చగానే ఉండేవి. ఎవరు ఏ టికెట్టుతో ఎక్కారో ఆ పసుపుకి తెలియదు. నా లెక్కలో మా మేనత్తకి దర్శనం ఆ కింది మెట్టు దగ్గరే మొదలైంది. గర్భగుడి ముందు దొరికిన రెండు క్షణాలు దానికి ముగింపు మాత్రమే.

యాత్రకి వచ్చేవాళ్లతో నా మాట కూడా ఇదే. కారులో ఘాట్‌రోడ్డు ఎక్కి, ఓం టర్నింగ్ దగ్గర దిగి, టికెట్టు లైనులో వెళ్లి, లడ్డూ పులిహోర కొనుక్కుని గంటలో దిగిపోతే చూసింది ఏమిటి? అమ్మ ముఖం చూశారు, కాదనను. కానీ అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడని చెప్పుకునే కొండ ఇది. కాళ్లు సరిగా ఉన్నవాళ్లు ఆ కొండని కాళ్లతో తెలుసుకోవద్దా? కొండ దిగువన అక్కన్న మాదన్న గుహలున్నాయి. వేయి సంవత్సరాలకి పైబడిన తొలుపు పని. గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా చేసిన అన్నదమ్ముల పేరు వాటికి తర్వాతెప్పుడో వచ్చింది. పైన మల్లేశ్వరస్వామి ఆలయం దగ్గర దొరికిన, చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం తెలుగు పద్యశాసనాల్లో మొదటి వరసలోది, మధ్యాక్కర ఛందస్సులో ఉంటుంది. కుమారస్వామికి గుడి, మఠం కట్టించిన సంగతి చెప్పి, ఆ మఠంలో గొరగలు తప్ప ఇతరులు మకాం పెట్టకూడదని గట్టిగా హెచ్చరిస్తుంది. గొరగలంటే శివభక్తులైన సన్న్యాసులు. గుడి చుట్టూ పలుకుబడిగలవాళ్లు చేరిపోతారన్న భయం వెయ్యేళ్ల కిందే ఉన్నట్టుంది, రాతిలో చెక్కించి మరీ అడ్డుకోవాలని చూశారు.

కృష్ణ సంగతి కూడా. ఏనాటికైనా నది పొంగి అమ్మ ముక్కుపుడకని తాకుతుందనీ, అప్పుడు కలియుగం ముగుస్తుందనీ మా వైపు ఇంటింటా అనుకునే మాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, మా వీధిలో ముసలివాళ్లందరూ ఆ మాటే తలుచుకున్నారు. నదికీ కొండకీ మధ్య ఇంత ముడి ఉంటే, ఘాటులో కాళ్లయినా తడపకుండా పైకి వెళ్లిపోవడం నాకు వెలితిగా అనిపిస్తుంది.

సరే, అసలు వాదానికి వస్తాను. ఒకటే లైను అంటే నలుగురూ చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు, మా ఇంట్లోనే రోజూ వింటాను.

మొదటిది ముసలివాళ్ల సంగతి. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడని ఇనుప గొట్టాల మధ్య గంటలు నిలబెట్టమని నేనెందుకంటాను? మహామండపం నుంచి లిఫ్టు ఉంది, దసరాల్లో వృద్ధులకీ దివ్యాంగులకీ ప్రత్యేక వేళలు పెడుతున్నారు. అవి రోజూ ఉండాలి, ఇంకా పెంచాలి. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, మోకాళ్ల నొప్పులున్న బీద ముసలమ్మ ఉచిత లైనులో నిలబడుతోంది, నిక్షేపంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు అయిదు వందలు పెట్టి ఆవిడని దాటి వెళ్తున్నాడు. అవసరం ఉన్నవాళ్లకి దారి ఇవ్వడానికి టికెట్టు ఏ రకంగానూ సాయపడటం లేదు.

రెండోది ఆదాయం. "టికెట్లు ఎత్తేస్తే గుడి ఎలా నడుస్తుంది, అన్నదానం ఎలా జరుగుతుంది?" అంటారు మావారు. గట్టి ప్రశ్నే. డబ్బు తీసుకునే ప్రతిదాన్నీ నేను కాదనడం లేదు. లక్షకుంకుమార్చనకి, చండీహోమానికి, శ్రీచక్ర నవావరణార్చనకి రుసుము ఉండనివ్వండి. అక్కడ ద్రవ్యాలు ఖర్చవుతాయి, అర్చకులు గంటలు కూర్చుంటారు, ఉభయదాతలు తమ పేరున చేయించుకుంటారు. లడ్డూకి ధర ఉండనివ్వండి. గదికి అద్దె ఉండనివ్వండి. అమ్మకి ఎంత దగ్గరగా నిలబడాలి, ఎంత తొందరగా వెళ్లాలి అన్నవాటికి మాత్రం ధర కట్టవద్దంటున్నాను. హుండీలో పడే కానుకలు ఎవరివో ఒకసారి ఆలోచించండి. చిల్లరా, నలిగిన పది రూపాయల నోట్లూ, ముడుపు కట్టిన గుడ్డలో ముక్కుపుడకలూ వేసేది ఉచిత లైనులోవాళ్లు కాదా? నిత్యాన్నదానం ముఖ్యంగా దాతల విరాళాల మీద నడిచే పథకం. టికెట్టు లైను లేకపోతే ఇచ్చే చేతులు ఆగిపోతాయని నేను నమ్మను.

అన్నదానం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ హాల్లో ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చుంటారు. పక్కన ఎవరున్నారో ఎవరూ చూడరు. వంద రూపాయల పప్పు, అయిదు వందల రూపాయల పప్పు అని వేరువేరుగా వండరు. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం వేయమంటారా?" అని అందరినీ ఒకేలా అడుగుతారు. ఒకే దేవస్థానం, ఒకే కొండ. అన్నం దగ్గర కుదిరిన పద్ధతి అమ్మ దగ్గర ఎందుకు కుదరదు?

మూడోది తీరిక లేకపోవడం. ఉద్యోగాల నుంచి సెలవు దొరకదు, సాయంత్రం రైలుంది అంటారు. రోజుకూలీకి వెళ్లేవాళ్లకి కూడా తీరిక ఉండదండీ. వాళ్లు వచ్చిన రోజు కూలి పోతుంది. మనకి పోయేది సెలవు, వాళ్లకి పోయేది ఆ పూట బియ్యం. దీనికి మార్గం ఉంది. తిరుపతిలో సర్వదర్శనానికి వేళ వేసిన టోకెన్లు ఉచితంగా ఇస్తున్నారు. అలాగే ఇక్కడా బస్టాండు దగ్గర, రైల్వేస్టేషన్ దగ్గర, ఘాటుల దగ్గర ఉచితంగా టోకెన్లు ఇస్తే, జనం తమ వేళ వచ్చేదాకా స్నానాలు చేసుకుంటారు, గుహలు చూసుకుంటారు, పిల్లలకి టిఫిన్ పెట్టుకుంటారు. ఎవరూ గొట్టాల మధ్య మాడిపోనక్కర్లేదు.

ఇదంతా ఆచరణలో సాధ్యం కాదనేవాళ్లకి నేను చూపించేది మూలా నక్షత్రం రోజు. అమ్మని సరస్వతీదేవిగా అలంకరించే రోజు. సంవత్సరం మొత్తం మీద ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే రోజుల్లో అదొకటి. వన్‌టౌన్‌లో వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలైన్లు అర్ధరాత్రికే నిండిపోతాయి. పుస్తకాలూ పెన్నులూ పట్టుకుని బడిపిల్లలు నిద్రకళ్లతో నిలబడి ఉంటారు. ఈమధ్య సంవత్సరాల్లో ఆ రోజున టికెట్లు రద్దు చేసి, అన్ని లైన్లనీ ఉచితం చేస్తున్నారు. చేసినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. అంత జనంలోనూ ఆ పద్ధతి నడుస్తోంది. అన్నిటికన్నా రద్దీగా ఉండే రోజున టికెట్టు లేకుండా గుడి నడవగలిగితే, మామూలు మంగళవారం ఎందుకు నడవలేదు? దీనికి ఇప్పటిదాకా నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. రద్దీని అదుపు చేయడానికే టికెట్లు పెట్టామనే మాట ఆ ఒక్క రోజు ముందు నిలవదు.

అన్నీ ఒక్కసారి మారిపోవాలని నేను అడగను. దేవస్థానంవాళ్లకి లెక్కలుంటాయి, వచ్చే సంవత్సరం బడ్జెట్టు ఉంటుంది, కొండకి మరమ్మతులుంటాయి. 2020 దసరాల్లో కొండచరియలు విరిగిపడినప్పటి నుంచీ ఆ పనులకీ డబ్బు కావాలి. ముందుగా వారానికి ఒక్క రోజు, శుక్రవారం నాడు, టికెట్టు లైన్లు ఆపి చూడమని అడుగుదాం. సలహాల పెట్టెలో వేద్దాం, దేవాదాయ శాఖకి ఉత్తరాలు రాద్దాం, మన ఎమ్మెల్యేలని సిఫారసు ఉత్తరం అడిగే బదులు ఇది అడుగుదాం. మూడు నెలలు నడిపి, హుండీ ఎంత తగ్గిందో, దర్శనానికి ఎంతసేపు పట్టిందో లెక్క తీసి జనం ముందు పెట్టమందాం. నష్టం వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఈలోపు మాకు ఫోన్ చేసే చుట్టాలకి మాత్రం నా జవాబు ఇదే. గుడిలో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. పౌర్ణమికి ముందురోజు రాత్రి మా ఇంటికి వచ్చేయండి. తెల్లవారుజామునే లేచి కామధేను అమ్మవారి గుడి దగ్గర గిరి ప్రదక్షిణలో కలుద్దాం. కుమ్మరిపాలెం, సితార జంక్షన్, పాల ప్రాజెక్టు, చిట్టినగర్, నెహ్రూబొమ్మ సెంటరు, బ్రాహ్మణవీధి మీదుగా కొండ చుట్టూ తిరిగి వచ్చి, మెట్ల దారిన ఎక్కి ఉచిత లైనులో నిలబడదాం. దోవలో తాగడానికి మజ్జిగ నేను తెస్తాను. అత్తయ్యగారి కోసం లిఫ్టు దగ్గర ఎవరో ఒకరు తోడుంటే చాలు.